తడి పిచ్ మీద ఆరో బంతి

మా అక్క పెళ్లయిన ఏడాదికే మా బావకూ నాకూ మధ్య ఒక వాదన మొదలైంది. డెబ్బైల చివరి మాట ఇది. బావ విశాఖ పోర్టులో ఓడల పక్కన క్రేన్ నడిపేవాడు. నేను అక్కడే గుమాస్తాని. ఇద్దరం ఒకే క్రికెట్ జట్టుకి ఆడేవాళ్లం. అతను ముందు దిగే బ్యాట్స్‌మన్, నేను కొత్త బంతి వేసేవాణ్ణి. ఆడటానికి వీల్లేని పిచ్‌ల మీద ఆడినవాళ్లలో అందరికన్నా గొప్పవాడెవరన్నదే మా వాదన.

ఆ ఆటగాళ్ల పేర్లు ఇక్కడ రాయడం లేదు. రాస్తే చదివేవాళ్లు కూడా మాలాగే రెండు పక్షాలుగా చీలిపోతారు. నేను చెప్పదలిచింది అది కాదు.

బావ పాతకాలం వాళ్ల పక్షం. అప్పట్లో ఆట మొదలయ్యాక పిచ్‌ని కప్పేవారు కాదు. వాన కురిసి వెంటనే ఎండ కాస్తే పైపొర ఎండి, లోపల తడి అలాగే ఉండేది. అలాంటి చోట పడిన బంతి ఒకటి పాదాల దగ్గరే చచ్చిపోతుంది, ఇంకొకటి గొంతు మీదికి లేస్తుంది. ఇవన్నీ బావ లైబ్రరీ పుస్తకాల్లో చదివాడు. ఎవరు ఏ వానలో ఎంతసేపు నిలబడ్డారో నోటికి వచ్చు.

"అక్కడ ముప్పై పరుగులు కొట్టినోడు, ఎండిన పిచ్ మీద నూరు కొట్టినోడి కన్నా మొనగాడురా. బ్యాట్‌ని గట్టిగా పట్టుకోడు. బంతొచ్చి తగిలి, కాళ్ల కాడ పడిపోవాల. అదీ ఆట" అనేవాడు.

నేను మా కాలం వాళ్ల పక్షం. గడ్డి ఉన్న గట్టి పిచ్‌ల మీద, తలకి ఏ రక్షణా లేకుండా, ఒకడి తర్వాత ఒకడు వచ్చే ఫాస్ట్ బౌలర్లని ఎదుర్కొన్నవాళ్లే గొప్ప అనేవాణ్ణి. "మీ పాతోళ్లకి అంత జోరుగా ఏసినోడెవుడు బావా? పుస్తకంలో అందరూ మొనగాళ్లే" అని ఎగతాళి చేసేవాణ్ణి.

అక్క అన్నం వడ్డిస్తూ ఇద్దర్నీ తిట్టేది. అలా రెండేళ్లు గడిచాయి. వాదన సరదాగానే ఉండేది కానీ, నాలో మాత్రం ఎక్కడో ముల్లు ఉండేది. జట్టులో అందరూ బావ మాటే వినేవారు. నా బౌలింగ్ గురించి అతను ఎప్పుడూ ఒక్క మంచి మాట అనలేదు.

తుపాను వానలు వెలిసిన ఒక ఆదివారం మ్యాచ్ ఉందని మైదానానికి వెళ్లాం. మేం ఆడేది మట్టి మీద పరిచిన కొబ్బరిపీచు పట్టా మీద. అది నానిపోయి ఒక మూల ముద్దగా పడి ఉంది. ఆట లేదని అవతలి జట్టు వెళ్లిపోయింది. మావాళ్లు నలుగురైదుగురు చెట్టు కింద టీ తాగుతున్నారు. పదకొండింటికి ఎండ చుర్రుమంది.

బావ పిచ్ మధ్యకి వెళ్లి బొటనవేలితో మట్టిని నొక్కి చూశాడు. అతని ముఖం వెలిగిపోయింది.

"ఒరే, ఇలా రా. నాను రెండేళ్ల నుంచీ సెప్తన్న పిచ్ ఇదే. పైన అప్పడం, కింద ముద్ద. ఒక ఓవరు ఎయ్యి. ఆరు బంతులు నిలబడతాను సూడు."

ప్యాడ్లు కట్టుకున్నాడు, గ్లవ్స్ తొడుక్కున్నాడు. హెల్మెట్ అన్నది మా జట్టులో అప్పటికి ఎవరూ చేత్తో పట్టుకుని కూడా చూడలేదు.

మొదటి బంతి నేల కరుచుకుని వెళ్లింది. బావ చివరి క్షణంలో బ్యాట్ దించి ఆపాడు. రెండోది పక్కటెముకల మీదికి లేస్తే, మునివేళ్ల మీద నిలబడి, చేతులు మెత్తగా వదిలి, పాదాల దగ్గర పడేశాడు. మూడోది వదిలేశాడు. నాలుగోదీ అంతే. చెట్టు కింద వాళ్లు లేచి వచ్చి నిలబడ్డారు. అంత అందమైన ఆట నేను దగ్గరనుంచి అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. ఈ మాట ఆ రోజు అతనితో అని ఉంటే బాగుండేది.

ఐదో బంతి అతని ఎదురుగా తడి ఆరని ఒక జానెడు నల్లటి మచ్చ మీద పడి, ముఖం పక్కనుంచి దూసుకుపోయింది. బావ నవ్వాడు. "ఇంకొకటుంది. ఆపీమంటావేటి?" అన్నాడు. ఎవరో చప్పట్లు కొట్టారు.

నేను వెనక్కి నడిచాను. పరుగెత్తే ముందు ఆ నల్లమచ్చ కేసి చూశాను. బంతి అక్కడే పడాలనుకున్నాను. ఉన్న బలమంతా పెట్టి, అక్కడే వేశాను.

చప్పుడు బ్యాట్‌దో గ్లవ్‌దో కాదు. బావ మోకాళ్ల మీద కూలబడి, రెండు చేతులూ ఎడమ కంటి మీద పెట్టుకున్నాడు. వేళ్ల సందుల్లోంచి రక్తం వచ్చింది. ఆటోలో అతని తల నా ఒళ్లోనే ఉంది.

మూడో రోజున డాక్టరు, కన్ను ఉంటుంది గానీ చూపు రాదు అన్నాడు. అక్క నన్ను వార్డు గుమ్మం దగ్గర పట్టుకుంది.

"ఏటయ్యిందిరా? నిజం సెప్పు."

నోరు తెరిచాను. మంచం మీద నుంచి బావే అందుకున్నాడు.

"పిచ్ తడిగుంది. బంతి లేసింది. ఆడేటి సేత్తాడు?"

ఆ రోజు మూసిన నోరు ఏడేళ్లు తెరవలేదు.

ఒంటి కంటితో క్రేన్ నడపడం కుదరదు. పైన క్యాబిన్‌లోంచి ఓడ అడుగుకి కొక్కెం దించాలంటే లోతు తెలియాలి. కింద మనుషులుంటారు. బావని సామాన్ల గదికి మార్చారు. రెంచీలూ బోల్టులూ ఇచ్చి పుచ్చుకునే పని. మధ్యాహ్నం నేను అటు వెళ్తే, కిటికీలోంచి క్రేన్ల కేసి చూస్తూ కనిపించేవాడు. కొన్నాళ్లకి అటు వెళ్లడం మానేశాను. స్టీల్ ప్లాంటు కడుతున్న రోజులవి. అక్కడ ఉద్యోగం రాగానే పోర్టు వదిలేశాను. మంచి అవకాశమని అందరికీ చెప్పాను. నిజానికి పారిపోయాను.

పెద్ద ఆటగాళ్ల గురించి మేం మళ్లీ మాట్లాడుకోలేదు. అతని ఇంట్లో టీవీ వచ్చాక, తల ఒక పక్కకి తిప్పి మ్యాచ్‌లు చూసేవాడు. నేను పక్కనే కూర్చునేవాణ్ణి. ఎవరైనా అవుటైతే, అయ్యో అనుకునేవాళ్లం, అంతే.

ఎనభైల మధ్యలో ఒకసారి అక్క మొక్కు తీర్చుకోడానికి సింహాచలం వెళ్లాం. దిగేటప్పుడు మెట్లదారిన వద్దామంది. తను ముందు వెళ్లిపోయింది. బావ నా భుజం పట్టుకుని, ఒక్కో మెట్టునీ పాదంతో తడిమి చూసుకుని దిగుతున్నాడు. ఎంత కింద ఉందో తెలియక, ఒకచోట గాలిలో కాలు పెట్టి తూలాడు. పట్టుకున్నాను. ఇద్దరం అక్కడే కూర్చున్నాం.

"బావా, ఆ ఆరో బంతి నాను కావాలనే ఆ మచ్చ మీద ఏసినాను" అన్నాను.

అతను నా భుజం మీంచి చెయ్యి తీశాడు.

"తెలుసు. నువ్వు పరిగెత్తే ముందు అటు సూసినావు. ఎక్కడ పడతాదో నాకు తెలుసు."

"మరి తప్పుకోనేదేటి?"

"తప్పుకుంటే నువ్వు నెగ్గినట్టు కదేటి. పుస్తకంలో పాతోళ్లు తప్పుకోనేదనీసి నిలబడ్డాను." కింది మెట్టుని పాదంతో తడిమాడు. "ఆళ్లు తప్పుకునే ఉంటార్రా. తప్పుకున్నది ఎవుడూ రాయడు. నాను సగమే సదివినాను."

క్షమించమని అడగబోయాను. చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆ మాటొద్దు. కోపం పోనేదు. గెడ్డం గీసుకున్నప్పుడల్లా వత్తాది, మళ్లీ ఎల్పోతాది. నువ్వు అడిగితే పోయిందని అబద్ధం ఆడాల."

"అక్కకి సెప్పనా?"

"సెప్పకు. దానికున్నది ఒక్క తమ్ముడు."

కింద అక్క ప్రసాదం పొట్లం విప్పుకుని కూర్చుని ఉంది. "అంతసేపు ఏటి సేత్తన్నారు?" అంది. కాళ్లు నొప్పులని బావ చెప్పాడు. ఆమె నా చేతిలో పులిహోర పెట్టి, ఆయన్ని జాగర్తగా దింపావని నా వీపు నిమిరింది. ఆమెకి ఇప్పటికీ చెప్పలేదు. బావ వద్దన్నాడనే చెప్పలేదా, నాకు ధైర్యం లేకా అన్నది నాకే తెలియదు.