కిటికీకి అటొకరు, ఇటొకరు

ఆ కబురు నాకు మొదట చెప్పింది మా తోటికోడలి కూతురు. ఆదివారం మధ్యాహ్నం నేను దేవుడి గదిలో వాడిన పువ్వులు తీస్తూ ఉండగా సిడ్నీలో ఎడ్మండ్‌సన్ పార్క్ నుంచి ఫోన్ చేసి, "పెద్దమ్మా, వ్యాన్ సోల్డ్. ఎవరో యంగ్ కపుల్, పొద్దున్నే వచ్చి తీసుకెళ్ళిపోయారు. లోపలంతా స్ట్రిప్ చేసి, విండోస్ కూడా కొత్తవి పెట్టిస్తారట. యూ ఓకే, పెద్దమ్మా?" అంది. మంచిదేనమ్మా, తిరగడానికి పుట్టిన బండి మూలన పడి ఉండటం కంటే అదే నయం, భగవంతుడు దానికి మళ్ళీ దారి చూపించాడు అన్నాను. ఆ మాట మనసారానే అన్నాను. కానీ ఫోన్ పెట్టేశాక చూసుకుంటే నా కుడిచెయ్యి కొంగుతో బల్ల మీద గుండ్రంగా, మెల్లగా, దేన్నో తుడుస్తున్నట్టు తిరుగుతోంది. ఆపబోతే వెంటనే ఆగలేదు.

వ్యాన్ అంటే కారవాన్, కారు వెనక తగిలించుకుని వెళ్ళే చక్రాల ఇల్లు. మావారూ మా మరిదీ కలిసి ఎవరో వాడేసినదాన్ని కొన్నారు. నేను బడి మొహం చూసినదాన్ని కాదు. మా నాన్నగారు వసారాలో కూర్చోబెట్టి దిద్దించిన అక్షరాలూ, మా నాయనమ్మ చెప్పిన స్తోత్రాలూ, అంతే నా చదువు. అలాంటిదాన్ని మావారి ఉద్యోగం పుణ్యమా అని దేశం దాటి ఈ టూవూంబా కొండ మీదికి వచ్చి పడ్డాను. కొన్నేళ్ళకి మా మరిది ఇక్కడే కళ్ళ డాక్టరుగా చేరడం, అతని వెంట మా తోటికోడలు రావడం నాకు దేవుడు చేసిన మేలు. అంతవరకూ ఇంట్లో తెలుగు మాట అంటే సాయంత్రం మావారు వచ్చాక వినిపించేదే. ఆమె వచ్చాక పొద్దున్న పాల దగ్గర మొదలైతే రాత్రి పక్కలు వేసేదాకా ఇల్లు మోగుతూనే ఉండేది.

మన వయసు వాళ్ళకి చెప్పక్కర్లేదు, ఆ రోజుల్లో సెలవులంటే ప్రయాణం కంటే ప్రయాణపు ముందు పనే ఎక్కువ. క్రిస్మస్ సెలవులకి సముద్రం ఒడ్డుకి వెళ్ళాలంటే ఏడాది పొడుగునా షెడ్డులో నిలబడిన వ్యాన్‌ని ముందు మనుషులు కాపురం ఉండేలా చెయ్యాలి. టూవూంబా మట్టి ఎరుపు మీకు తెలిసిందే. కిటికీల చుట్టూ ఉండే రబ్బరు పట్టీల్లోకి దూరి పారాణిలా పట్టేస్తుంది. చక్రాలూ, బ్రేకులూ, గ్యాసు గొట్టాలూ మగవాళ్ళు చూసుకునేవారు. ముందువైపు ఎండి అతుక్కుపోయిన పురుగుల్ని నానబెట్టి తీయడం, నీళ్ళ ట్యాంకులో వంటసోడా వేసి కడగడం, గుడారం గుడ్డకి పట్టిన బూజు ఎండలో దులపడం, రబ్బరు పట్టీలు ఎండిపోకుండా టాల్కం పౌడరు రాయడం, చివర్న బండి ఒళ్ళంతా మైనం రాసి మెరిసేదాకా తోమడం మా ఇద్దరి వంతు.

కిటికీలకి మాత్రం మాకొక పద్ధతి ఉండేది. ఒకే కిటికీని లోపలి నుంచి ఆమె, బయటి నుంచి నేను, ఒకేసారి తుడిచేవాళ్ళం. ఒక్కరే తుడిస్తే మిగిలిన మరక ఏ వైపుదో తెలియక లోపలికీ బయటికీ తిరగాలి కదా. ఇద్దరం ఎదురెదురుగా ఉంటే, అవతలి వైపు మరక కనిపించినవాళ్ళు దాని మీద గోటితో టకటకా కొట్టేవాళ్ళు. "నీ వైపే అక్కా!" అని లోపలి నుంచి అరిచేది. "నా వైపు ఏమీ లేదు, నీ కళ్ళజోడు తుడుచుకో" అనేదాన్ని నేను. అలా దెబ్బలాడుకుంటూ తుడిచిన కిటికీలు, ఇప్పుడు తలుచుకుంటే, ఎంత తేటగా ఉండేవో!

ఒక్కటి తప్ప. మొదటి ఏడాది, బల్ల పక్కన ఉండే పెద్ద కిటికీకి లోపలివైపు పాత యజమానుల పిల్లలు అంటించిన బొమ్మల జిగురు ఎంతకీ వదల్లేదు. మా తోటికోడలు ఇంట్లోకి పరుగెత్తి, దీపపు సెమ్మెలు తోముకునే చింతపండూ విభూదీ తెచ్చింది. ఇత్తడి లొంగినదానికి ఇదెంత అని బలమంతా పెట్టి గుండ్రంగా తోమింది. అది గాజు కాదనీ, ప్లాస్టిక్ పలక అనీ మాకేం తెలుసు? జిగురు పోయింది, దాంతోపాటు చూపూ పోయింది. పళ్ళెమంత మేర మసక మిగిలింది. సాయంత్రం మా మరిది చూసి, "ఆసుపత్రిలో నేను శుక్లాలు తీస్తుంటే, ఇంట్లో నువ్వు వ్యాన్‌కి తెప్పించావటే!" అన్నాడు. ఆమె తడుముకోలేదు. "దానికి చూపెందుకండీ, నడిపేది మీరేగా?" అంది. పక్కింటి ముసలి ఆంటీ కంచె మీంచి తొంగిచూసి, "నో వరీస్ డార్ల్, ఫ్రీ కర్టెన్!" అని ఎంత నవ్విందో.

ఆ తరువాత ఒక చలికాలంలో ఆమె మంచం పట్టింది. వీధుల్లో జకరండా పూలు ఊదాగా రాలుతున్న రోజుల్లో వెళ్ళిపోయింది. కూతురు పసిది, అప్పుడప్పుడే బడికి వెళ్తోంది. సంవత్సరీకం కాకుండా విహారాలేమిటని నాకు లోపల పీకుతూనే ఉన్నా, డిసెంబరు వచ్చేసరికి మా మరిది, "పిల్లకోసం వెళ్దాం వదినా, ఇల్లు దాన్ని తినేస్తోంది" అంటే కాదనలేకపోయాను. వెళ్దామన్నవాడే, వ్యాన్ కడగబోతున్న రోజు పొద్దున్న నా చేతిలో ప్లాస్టిక్‌కి మెరుగుపెట్టే ముద్ద డబ్బా ఒకటి పెట్టాడు. "ఆ మసక దీంతో పోతుందట. పోగొట్టెయ్యండి వదినా. దాని ఎదురుగా కూర్చుని అన్నం తినలేను" అన్నాడు. పిల్ల వాకిట్లోనే ఉండి అంతా వింది. "నో! దట్స్ మమ్మీస్ విండో. డోంట్, పెద్దమ్మా" అంది. ఏడవలేదు. ఏడిస్తే ఎత్తుకుని సముదాయించేదాన్ని. నా మొహంలోకే చూస్తూ నిలబడింది. తల్లిదని చూపించుకోవడానికి ఆ పిల్లకి ఆ గీతల కంటే ఏముంది? పెళ్ళానివి కావడం వల్లనే ఆ గీతలు అతన్ని కోస్తున్నాయి.

పిల్లని మావారు పార్కుకి తీసుకెళ్ళారు, మరిది ఆసుపత్రికి వెళ్ళాడు. నేను వ్యాన్ తలుపు తాళం తీయకుండానే, తాళంచెవి కొంగుకి ముడేసుకుని బయటి పని మొదలుపెట్టాను. ఆ కిటికీని ఆఖరికి ఉంచాను. దాని ముందు నిలబడి, నామం చెప్పుకుంటూ గుడ్డ తిప్పుతుంటే లోపలి నుంచి టకటకమంది. నా మొహానికి సరిగ్గా ఎదురుగా. మసక వెనక తెల్లగా ఏదో కదిలినట్టనిపించింది. తెర కావచ్చు, నా చెయ్యి నీడే కావచ్చు. అలవాటు చొప్పున, "నా వైపేనా చెల్లీ?" అన్నాను పైకే. చూస్తే అక్కడ, నా వైపే, ఎర్రమట్టి మరక ఉంది. తుడిచాను. చప్పుడు మళ్ళీ రాలేదు. తలుపు తీసి లోపలికి వెళ్తే ఎవరూ లేరు, నిరుటి పౌడరు వాసన తప్ప. ఎండకి రేకు సాగి అలా చప్పుడు చేస్తుందన్నారు మావారు తరువాత. అయి ఉండవచ్చు. నాకు భయం మాత్రం వెయ్యలేదు. ఇంకా నా పనిలో తప్పు పట్టే మనిషి ఉందని చేతులెత్తి దండం పెట్టుకున్నాను.

డబ్బా మూత తీసి, ముద్ద కొంచెం గుడ్డకి అద్ది, మసక అంచున రుద్దాను. పోతోంది. నా వేలి కింద అవతలి కంచె, కంచె మీది పిట్ట తేటగా కనిపించాయి. ఇంకో గంట తోమితే ఆమె చెయ్యి అక్కడ తిరిగిందన్న ఆనవాలే ఉండదు. అంత సులువుగా పోతుందనుకోలేదు. మూత పెట్టేశాను. సాయంత్రం మా మరిది రాగానే డబ్బా తిరిగి ఇచ్చి, "పోతుంది నాయనా. నా చేతులతో మాత్రం నేను పోగొట్టలేను. నీకు తప్పదనిపిస్తే నువ్వు చేసుకో, నేనేమీ అనుకోను" అన్నాను. అతను డబ్బా పట్టుకుని లోపలికి వెళ్ళాడు. పిల్ల నా చీర కుచ్చిళ్ళు పట్టుకుని నిలబడింది. తెరిచి ఉన్న తలుపులోంచి చూస్తున్నాం ఇద్దరం. అతను డబ్బా బల్ల మీద పెట్టి, ఉత్త అరచెయ్యి మసక మీద ఆనించి, ఆమె తోమినట్టే, ఆమె తోమిన దారినే గుండ్రంగా తిప్పాడు. తిప్పుతూ తిప్పుతూ మోకాళ్ళ మీద కూలబడి ఏడ్చాడు, శ్మశానంలో కూడా ఏడవనివాడు. పిల్ల నా చీర వదిలి లోపలికి వెళ్ళి, "ఇట్స్ ఓకే డాడీ, షి డస్న్ట్ మైండ్" అంది.

ఆ డిసెంబరులో సముద్రం ఒడ్డున ఆ పిల్ల రోజూ ఆ కిటికీ పక్కనే కూర్చుని పాలు తాగింది. బయట నిప్పులు చెరిగే ఎండ. "మమ్మీస్ విండోలో ఎప్పుడూ రెయినింగే, పెద్దమ్మా" అనేది. ఎదురుగా కూర్చుని వాళ్ళ నాన్న అన్నం తిన్నాడు.

తరువాత తండ్రీకూతుళ్ళు సిడ్నీ వెళ్ళారు, వ్యానూ వాళ్ళ వెంట వెళ్ళింది. అతనూ పోయాక అది ఇంటి పక్క సందులో నిలబడిపోయింది. ఇప్పుడు సెలవులంటే ఫోన్‌లోనే వ్యాన్ అద్దెకి మాట్లాడుకుంటారు. వెళ్ళేసరికి ఎవరో కడిగి, మెరిపించి, తాళాలు చేతిలో పెడతారు. సుఖమే, పిల్లల చేతులు అరగవు. కానీ తమకంటే ముందు దాన్ని తుడిచిన మనిషి ఎవరో వాళ్ళకి తెలియదు, తెలుసుకోవాలనీ ఉండదు.

ఆదివారం ఫోన్ పెట్టేముందు మా పిల్ల ఇంకో మాట అడిగింది. "పెద్దమ్మా, మమ్మీ వాయిస్ ఎలా ఉండేది? సాఫ్ట్‌గా ఉండేదా? ఐ కాంట్ హియర్ హర్ ఎనీమోర్." సాఫ్టా, దాని మొహం, నాలుగిళ్ళ అవతలికి వినపడేది తల్లీ అని నవ్వించాను. కానీ ఆ గొంతు ఇంకా చెవుల్లో ఉన్నవాళ్ళం ఈ ఖండంలో మావారూ నేనూ, అంతే. మేమూ పండిపోయాం. నేను ఆమెను ఎప్పుడూ చెల్లీ అనే పిలిచాను, మీకూ ఇంతసేపూ తోటికోడలనే చెప్పాను. ఆమె పేరు సత్యవేణి. మీరు సాయంత్రం దీపం పెట్టుకునేటప్పుడు, మీవాళ్ళందరి పేర్లూ అయ్యాక, ఆ పేరు కూడా ఒక్కసారి తలుచుకోండి. పైకే, కొంచెం గట్టిగా.