ఆపదొస్తే మాట్లాడే ఇంగ్లీషు

మేడమ్ పోయారన్న కబురు ఆదివారం పొద్దున వచ్చింది. హాస్టల్ వంటింట్లో ఉప్మాకి రవ్వ వేయిస్తున్నాను. మేడమ్ కూతురు ఫోన్ చేసి, "అక్కా, అమ్మ వెళ్ళిపోయింది" అని మాత్రం అంది. స్టవ్ ఆపేశాను. హాస్టల్ పిల్లలకి తెలియాలి కదా అని మా వాట్సాప్ గ్రూపులో ఇంగ్లీషులో రాశాను, మేడమ్ ఎక్స్‌పైర్డ్ అని. పక్కనే టీ పోసుకుంటున్న ఒడిశా అమ్మాయి అది చూసి, వచ్చీరాని తెలుగులో మెల్లగా చెప్పింది: "ఆంటీ, ఎక్స్‌పైర్ మందులకు అంటారు. మేడమ్‌కి పాస్డ్ అవే."

ఆ పిల్ల మంచికే చెప్పింది. కానీ అంత దుఃఖంలోనూ నా చెవులు వేడెక్కాయి. నాకు ఇంగ్లీషు నేర్పిన మనిషి పోయిన కబురు కూడా సరిగ్గా రాయలేకపోయాను.

నేను పద్మారావు నగర్‌లో ఒక ఆడపిల్లల హాస్టల్‌కి వార్డెన్‌ని. జనగామ దగ్గరి పల్లెలో పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివాను. మా దగ్గరుండే పిల్లలేమో ఒడిశా, అస్సాం, కేరళ నుంచి ఉద్యోగాలకీ కోచింగులకీ వచ్చినవాళ్ళు. ఎక్కడో హాస్టల్లో మంటలు లేచాయని టీవీలో చూసి మా ఓనరు వచ్చాడు. మంటలొస్తే ఎలా బయటపడాలో ఇకనుంచి నెలనెలా డ్రిల్లు పెట్టాలన్నాడు. పిల్లలకి జాగ్రత్తలు చెప్పాలి, ధైర్యం చెప్పాలి, అదంతా ఇంగ్లీషులో చెప్పాలన్నాడు.

మేడమ్ మా పక్క బిల్డింగులో ఉండేవారు. కాకినాడ నుంచి వచ్చి ఇక్కడి బళ్ళో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. కూరగాయల బండి దగ్గర బెండకాయలు ఏరుతుంటే, పక్కన ఎవరూ లేకుండా చూసి అడిగాను.

"మేడమ్, నాకు జెర ఇంగ్లీష్ నేర్పుతరా? ఆపదొస్తే మాట్లాడే ఇంగ్లీష్."

ఆవిడ బెండకాయ తుంచడం ఆపి నావైపు చూశారు. "అదేదో నాకూ రాదమ్మాయ్. రేపు మధ్యాహ్నం రా, ఇద్దరం కలిసి నేర్చుకుందాం."

అలా మొదలైంది. భోజనాల బల్ల మీద చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ పాఠం చెప్పేవారు. నా మాట సరిగ్గా వినపడాలని ఫ్యాను ఆపేసేవారు. ఇద్దరికీ చెమటలు పట్టేవి. తప్పు పలికితే తప్పు అనేవారు కాదు, "ఊఁ, ఇంకోసారి" అనేవారు. బ్యాటెన్ డౌన్ ది హ్యాచెస్ అనే మాట నాకు నోరు తిరగలేదు. "ఓడవాళ్ళ మాట అది. గాలివాన వచ్చేముందు ఓడ మీది మూతలన్నీ బిగించేయడం. తుఫాను కబురొస్తే మా నాన్న తలుపులకి అడ్డకర్రలు కొట్టేవాడు, అచ్చం అదే" అన్నారు. ఇంకోరోజు, "భయమేస్తే మీవైపు ఏమంటారు?" అని అడిగారు. పాణం అరచేతుల పెట్టుకున్నట్టుంటది అంటాం అన్నాను. ఆవిడ పడీపడీ నవ్వారు. "మనకి ప్రాణం అరచేతిలోకొస్తే, ఇంగ్లీషువాడికి గుండె నోట్లోకొస్తుంది. మై హార్ట్ ఈజ్ ఇన్ మై మౌత్. భయం ఒకటే, చోటే వేరు."

మొదటి డ్రిల్లు రోజు కారిడార్‌లో పిల్లలంతా నిలబడ్డారు. నాకు కాళ్ళూ చేతులూ చల్లబడ్డాయి. ఆ సంగతే ఇంగ్లీషులో చెబుదామని ఐ హావ్ కోల్డ్ ఫీట్ అన్నాను. వెనకాడుతున్నానని దానర్థమట. ఒక పిల్ల నా పాదాల వైపు చూసి, సాక్సులు తెచ్చివ్వనా ఆంటీ అంది. అందరూ ఘొల్లున నవ్వారు. నేను వంటింట్లోకి పోయి పంపు తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను.

"ఇగ నాతోని కాదు మేడమ్. సిగ్గుతోని సచ్చిపోతున్న" అని చెప్పేశాను.

"సిగ్గుపడు. ఎవరు కాదన్నారు? పడుతూనే మాట్లాడు" అన్నారావిడ.

మరుసటి డ్రిల్లుకి పిలవకుండానే వచ్చారు. ఇస్త్రీ చీర కుచ్చిళ్ళు చెదరకుండా వీధిలో నడిచే మనిషి. మా మేడ మీద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, "నేను నడవలేని ముసలిదాన్ని, కిందికి చేర్చండి" అని ఇంగ్లీషులో పిల్లలకి చెప్పారు. పిల్లలు కుర్చీతో సహా ఎత్తారు. మెట్ల మలుపులో కుర్చీ ఇరుక్కుంది. చీర మోకాళ్ళ దాకా లేచింది, ఒక చెప్పు జారి కింద పడింది. ఇస్త్రీ బండి అతనూ, అటుగా పోయేవాళ్ళూ నిలబడి చూశారు. మేడమ్ మొహం కందగడ్డలా అయింది. అయినా "స్లోగా, స్లోగా" అంటూ వీధిలోకి వచ్చేదాకా కుర్చీ దిగలేదు. నా కోసమే ఆవిడ అందరి ముందూ సిగ్గుపడ్డారని తెలిసి తలెత్తి చూడలేకపోయాను. "ఇప్పుడు మనిద్దరం ఒకటేనమ్మాయ్" అంటూ చెప్పు తొడుక్కున్నారు.

ఈ వానాకాలం ఒక సాయంత్రం, జోరువానలో మా మీటర్ల బోర్డు అంటుకుంది. మెట్ల నిండా పొగ కమ్మింది. బ్యాగులు వదలండి, కడ్డీ పట్టుకోండి అని తెలుగూ హిందీ ఇంగ్లీషూ కలిపి అరిచాను. పిల్లలు దిగుతున్నారు. అస్సాం అమ్మాయి ఒక్కతే మూడో అంతస్తులో గోడకి అతుక్కుపోయింది. పిలిస్తే కదల్లేదు. దగ్గరికెళ్ళి చెయ్యి పట్టుకుని, మై హార్ట్ ఈజ్ ఆల్సో ఇన్ మై మౌత్, కమ్ అన్నాను. ఆ పిల్ల నా మొహంలోకి చూసి అడుగు వేసింది. గోడలు నల్లబడ్డాయి తప్ప ఎవరికీ ఏమీ కాలేదు. వానలో తడుస్తూ తన బాల్కనీలో నిలబడ్డ మేడమ్, "ఇంగ్లీషులోనూ అరిచావమ్మాయ్!" అని వీధంతా వినపడేలా అన్నారు. నాకు మళ్ళీ సిగ్గేసింది. కానీ ఆ సిగ్గు బాగుంది.

ఆ తర్వాత ఎంతో కాలం లేరావిడ. జబ్బుచేసి ఆసుపత్రిలో ఉంటే చూడబోయాను, అప్పుడే ఆయా బట్టలు మార్చడానికొచ్చింది. మేడమ్ గోడవైపు తిరిగి కళ్ళు గట్టిగా మూసుకున్నారు. నేను లేచి దుప్పటి రెండు చేతులా పట్టుకుని అడ్డుగా నిలబడ్డాను. అంతా అయ్యాక, "ఈ సిగ్గుకి మాత్రం ఏ భాషలోనూ మాట దొరకలేదే" అన్నారు. జుట్టు చిక్కుతీసి జడ వేశాను.

ఆదివారం మధ్యాహ్నం వాళ్ళ వాకిట్లో ఆవిడ పాత విద్యార్థులు చాలామంది చేరారు. పెద్దపెద్ద ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళు. ఒక్కొక్కరూ చక్కటి ఇంగ్లీషులో నాలుగు మాటలు చెప్పారు. కూతురు నన్నూ మాట్లాడమంది. లేచాను. "నా తప్పులకి మేడమ్ ఎన్నడూ నవ్వలేదు" అన్నాను. అంతే. తల వంచుకుని వెనక్కొచ్చి నిలబడ్డాను.

మేడమ్‌ని తీసుకెళ్ళే వ్యాను వచ్చేసరికి సన్నగా వాన. మా వీధి ఇరుకు, రెండు వైపులా బండ్లు. ఎవరూ చెప్పకుండానే మా పిల్లలు గేటు దాటి వెళ్ళి, స్కూటర్లు ఒక్కొక్కటే గోడవారకి జరిపారు. మూల మలుపు దాకా దారి చేసి, పక్కకి పడకుండా హ్యాండిళ్ళు పట్టుకుని, తలలు తడుస్తుంటే అలాగే నిలబడ్డారు. వ్యాను వాళ్ళ మధ్య నుంచి మెల్లగా వెళ్ళింది.