శుభలేఖలా చదివిన బ్రెడ్డు

ఆత్మకూరులో ఉండే మా మేనత్త బ్రెడ్డు ప్యాకెట్‌ను ఎప్పుడూ బోర్లా తిప్పే పట్టుకునేది. ముందువైపు బొమ్మలతో ఆమెకు పని లేదు.

మామకు షుగరు వచ్చింది. డాక్టరు మైదా మానెయ్యమన్నాడు. టీలో బ్రెడ్డు ముంచుకోనిదే మామకు తెల్లవారదు. అసలైన గోధుమ బ్రెడ్డు దొరక్కపోతే ఆ ముచ్చటకు ఇక సెలవే.

గోధుమ రంగులో ఉంటే గోధుమ బ్రెడ్డే అనుకునే రకం నేను. గర్వంగా ఒకటి తెచ్చిచ్చాను. అత్త వెంటనే వెనక్కి తిప్పి, అందులో ఏమేం కలిపారో రాసిన వరస చదివింది.

“పెండ్లికార్డులో ముందు ఎవరి పేరు ఏస్తారు రా?”

“పెద్దోళ్లది.”

“ఇదీ అంతే. ఏది ఎక్కువ పోస్తే దాని పేరు ముందు. ఇక్కడ పెద్దరికం మైదాది. గోధుమపిండి యాడో బంధుమిత్రుల్లో ఉండాది. రంగు విడిగా కలిపినారు.”

ఇక వేట మొదలైంది. ఆత్మకూరు అంగళ్లు అయిపోయాయి, వింజమూరూ అయింది. అత్త ప్యాకెట్లు బోర్లిస్తుంటే ఒక అంగడాయన మమ్మల్ని తనిఖీకి వచ్చిన ఆఫీసర్లనుకుని కుర్చీలు వేయించాడు. నేను కూర్చున్నాను కూడా. చివరికి ఉదయగిరి బస్టాండు పక్కన అత్త చెయ్యి ఆగింది.

“ఒరే, గోధుమపిండే పెండ్లిపెద్ద! మైదాను పిలవనే లేదు.”

మర్నాడు పొద్దున మామ ముక్క ముంచి నోట్లో పెట్టుకున్నాడు. మేమిద్దరం ఆయన దవడలే చూస్తున్నాం.

“ఏందే ఇది, రంపంపొట్టు మాదిరి ఉండాది?”

“రంపంపొట్టు పేరు ఇందులో లేదు. కడదాకా చదివినాను.”

మామ ఇంకో ముక్క అందుకున్నాడు.