కరోలిన్ పాటల సైటు

కరోలిన్‌కి ఏ పని చెప్పినా ముందు కిటికీలోంచి బయటికి చూస్తుంది. ఆస్ట్రేలియాలో, క్రెయిగీబర్న్‌లో చదువుకునే రోజుల్లో మేమిద్దరం ఒకే గదిలో అద్దెకుండేవాళ్ళం. నాది అకౌంటింగ్, తనది కంప్యూటర్స్. ఉల్లిపాయలు తరగమంటే కత్తి పట్టుకుని, కంచె అవతల పచ్చగడ్డి మీద ఎండ జరగడం చూస్తూ నిలబడేది. నాకు ఒళ్ళు మండేది. కానీ ఆ పిల్ల మీద కోపం ఎంతోసేపు నిలిచేది కాదు.

ఇల్లు సమూయేలు అంకుల్, సువర్ణకుమారి ఆంటీలది. నరసాపురం నుంచి ఎప్పుడో వచ్చేసినవాళ్ళు. ఆదివారం తెలుగు ఆరాధనలో పాట ఎత్తుకునేది ఆంటీయే. వాళ్ళమ్మ నేర్పిన సాయంకాలపు కీర్తన ఒకటుంది. మాటలు పుస్తకంలో ఉన్నాయి గానీ, ఆ రాగం ఆంటీ గొంతులో తప్ప ఎక్కడా లేదు. ఆ గొంతుకే ఆపరేషన్ పడింది. మునుపటిలా పాడగలరని డాక్టర్లు మాటివ్వలేదు. ఈలోపే పెర్త్‌లో ఉన్న మనవరాలు ఎవాకి ఆ రాగం అందాలని, ఒక్కసారైనా అది పాడుతుంటే విని దిద్దాలని ఆంటీ ఆశ.

అప్పుడు కరోలిన్ సైటు మొదలుపెట్టింది. తెలుగు చదవడం రాని ఎవా కోసం పాట ఇంగ్లీషు అక్షరాల్లో కనబడుతుంది. ఏ లైను మీద వేలు పెడితే ఆ లైను ఆంటీ పాడుతుంది.

"రికార్డింగ్ వాట్సాప్‌లో పడేస్తే పోయేదానికి ఇంత రాద్ధాంతం ఎందుకే?" అన్నాను.

"అదైతే ఒకసారి విని వదిలేస్తది జయా. ఇదైతే లైను లైను పట్టుకుని నేర్చుకోవచ్చు. మనం నిద్దరోతున్నా పాట అక్కడే ఉంటది."

ఆదివారాల్లో వెనక వరండాలో ఆంటీ పాడేది, కరోలిన్ ఫోన్ పట్టుకుని కూర్చునేది. కంచె మీది మాగ్‌పై పిట్టలు కూడా నోరు మూసుకునేవి. ఆ పాట వింటుంటే నేనెక్కడున్నానో నాకే తెలిసేది కాదు. అసైన్‌మెంట్లు, బస్సులు, అన్నీ ఎటో కొట్టుకుపోయేవి.

వాళ్ళ సంఘంలో ప్రార్థన కాకుండా కొత్త కారు కూడా రోడ్డెక్కదు. సైటూ అంతేనన్నారు అంకుల్. అందుకని కరోలిన్ దాన్ని లాప్‌టాప్‌లోనే తిప్పి చూసుకుంది, నెట్‌లోకి ఎక్కించలేదు. ఆపరేషన్‌కి ముందురోజు, ఆదివారం, లాప్‌టాప్‌కి రిబ్బన్ కట్టారు. పాస్టరుగారు దానిమీద చెయ్యుంచి, బిర్యానీ చల్లారేదాకా ప్రార్థించారు. "ఆమెన్" అనగానే కరోలిన్ మీట నొక్కింది. కాసేపటికి అందరి ఫోన్లలో పాట పేజీ తెరుచుకుంది. ఆంటీ మొదటి లైను మీద వేలు పెట్టింది.

అక్షరాలున్నాయి. గొంతు లేదు.

అటు ఎవా కూడా ఫోన్ చేసింది. "అమ్మమ్మా, దేర్ ఈజ్ నో సౌండ్." ఆంటీ ప్లేట్లు సర్దడానికి లేచింది.

"చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం! ముందే ఒకసారి ఎక్కించి చూసుకోవద్దూ?" అని కరోలిన్ మీద విరుచుకుపడ్డాను.

మర్నాడు ట్రైన్‌లో అది కిటికీలోంచి చూస్తూ దిగాల్సిన స్టేషన్ దాటేసింది. ఉన్నట్టుండి నా చెయ్యి పట్టుకుంది. "జయా, గొంతు ఫైళ్ళకి దారి వీధి గుమ్మం నుంచి రాశానే! నా లాప్‌టాప్‌లో ఇల్లంతా మన సైటుదే. నెట్‌లో మనకిచ్చింది లోపలి గది, మన అద్దె గది లాగా. గుమ్మం దగ్గర వెతికితే ఏం దొరుకుద్ది?"

దారి మార్చి మళ్ళీ ఎక్కించేసరికి సాయంత్రమైంది. ఆంటీని హాస్పిటల్‌కి పొద్దున్నే తీసుకెళ్ళిపోయారు. ఎవా నేర్చుకోవడానికి, ఆంటీ విని నోటితో దిద్దడానికి ఇక వ్యవధి లేదు. కరోలిన్ అన్నం ముట్టలేదు.

ఆపరేషనయ్యాక చూడ్డానికి వెళ్ళాం. ఆంటీ మాట్లాడకూడదన్నారు. అంకుల్ ఎవాకి వీడియో కాల్ కలిపారు. ఈలోపు సైటులో లైను లైను విని నేర్చుకున్న ఆ కీర్తన ఎవా పాడింది. పలుకు ఆస్ట్రేలియా పలుకే, రాగం మాత్రం నరసాపురానిది. నేను ఏడ్చేశాను, సిగ్గులేకుండా.

ఆంటీ మాత్రం మొహం చిట్లించింది. కరోలిన్ చేతిలోని ఫోన్ లాక్కుని, సైటు తెరిచి, మూడో లైను మీద వేలు పెట్టి అంకుల్ ఫోన్‌కి ఆనించింది. మంచం మీద మూగగా ఉన్న మనిషి గొంతే, నిండుగా, ఆ లైను సరిగ్గా పాడింది.

ఎవా మళ్ళీ పాడింది. ఆంటీ మళ్ళీ అదే లైను మీద వేలు పెట్టింది.