ఖాళీ మేకు

మా ఊరి బంగారు గని సర్కారు చేతికొచ్చిన కొన్నేండ్లకు, లోపల రాయి పడి నా నడుము దెబ్బతినింది. నొప్పికని మొదలుపెట్టిన మత్తు మాత్రలు, నొప్పి పోయినా నన్ను ఇడిసిపెట్టలేదు. అవి లేకుంటే చేతులు వణికేవి, ఒళ్లంతా చీమలు పాకినట్లుండేది. అమ్మానాయనా లేని నన్ను సాకింది మా అక్కాబావే. బావ కూడా గనిలోనే పని. మాత్రలు మానేసినానని ఇద్దరికీ ఒట్టేసి చెప్పినాను. పచ్చి అబద్ధం.

గనిలోకి దిగే బావి, అదే మా షాఫ్టు, దాని దగ్గర పెద్ద చెక్క పలక ఉండేది. ఆ పలక మీద మనిషికొక మేకు, మేకుకొక ఇత్తడి టోకెను. లోపలికి దిగేవాడు తన టోకెను తీసుకుపోవాల, పైకొచ్చినాక మళ్లీ తగిలించాల. మేకు ఖాళీగా ఉంటే మనిషి లోపల ఉన్నట్లే.

ఒక దినం పొద్దున టోకెను జేబులో ఏసుకున్నాను గానీ, కిందికి దించే కేజి ముందర నిలబడేసరికి మాత్ర లేకుండా దిగలేననిపించింది. గుంపులోనించి మెల్లిగా జారుకున్నాను. షిఫ్టు ముగిసే పొద్దుకు వచ్చి టోకెను తగిలించేస్తే ఎవురికి తెలుస్తుందిలే అనుకున్నాను. మాత్రలు మింగి, చీకటిగా ఉంటుందని పొద్దుటాటకు టాకీసులో దూరినాను.

ఏం సినిమానో కూడా చూసుకోలేదు. నా ఖర్మ! తెర మీద మత్తుమందుకు బానిసైన పిల్లోడు మూసిన గదిలో గోడలు గీరతా ఉండాడు. తలుపవతల వాళ్లమ్మ కూర్చోని ఏడస్తా ఉండాది. నాకు ఒళ్లు మండింది. "ఇదేం సినిమా నాయనా, ఏడ్చేదానికి ఇంట్లో చోటు లేదా" అని గొణుక్కున్నాను.

అంతలో కుర్చీలు గడగడా అదిరినాయి. నాకు వణుకు అలవాటే గదా, నా ఒళ్లే అనుకున్నాను. పక్కనున్న ఆడోళ్లు లేచినాక తెలిసింది, అదిరింది నేలని. గని లోపల యాడో రాయి పేలినాది. మేము ఏర్‌బ్లాస్టు అంటాము. నేల అదిరితే మా ఊర్లో ఒకరు చెప్పే పని లేదు, చేతిలో ఏముంటే అది ఇడిసి షాఫ్టు కాడికి పరిగెత్తడమే. నిమిషంలో హాలంతా ఖాళీ. తెర మీద ఆ తల్లి కొడుకును పిలస్తానే ఉండాది.

అప్పుడు చెయ్యి జేబులోకి పోయింది. టోకెను! నా మేకు ఖాళీగా ఉండాది. నా కోసరం ఎవురో లోపలికి దిగతారు. రెస్క్యూ టీములో ముందుండేది మా బావే.

ఎట్ల పరిగెత్తినానో, ఎంతసేపు పట్టిందో తెలీదు. రెండు తూర్లు పడినాను. షాఫ్టు కాడ అక్క నేల మీద కూలబడి, నన్ను తలుచుకోని గుండెలు బాదుకుంటా ఉండాది. అందరూ పైకొచ్చేసినారంట, ఒక్క మేకే ఖాళీ. బావ ఇంగో నలుగురితో కేజిలో కాలు పెడతా ఉండాడు.

"బావా, దిగద్దు! నేనీడుండా!" అని అరిచి టోకెను పైకెత్తినాను.

నన్ను చూసినాడు, టోకెను చూసినాడు, నా కండ్లు చూసినాడు. ఆయనకంతా అర్థమైపోయింది. వచ్చి చెంప పగిలేటట్లు కొట్టినాడు. కొట్టిన చెయ్యి దించకముందే నేల రెండోసారి అదిరింది. వాళ్లు నన్ను ఎతికేదానికి పోవాల్సిన చోటంతా కూలిపోయిందని తరవాత చెప్పినారు.

నా పని పోయింది. పోవాల్సిందే. బావ సెలవు పెట్టి నన్ను వాళ్ల ఊరు క్యాసంబళ్ళికి, పట్టుపురుగులు సాకే కొట్టానికి తీసుకుపోయినాడు. పురుగులు లేని కాలం, కొట్టం ఖాళీగా ఉండె. బయట గడియ పెట్టమని అక్కకు చెప్పి, తానూ నాతో లోపలే కూర్చున్నాడు. నా వాంతులు ఎత్తినాడు, నా తిట్లు తిన్నాడు. కొరికితే కొరికించుకున్నాడు. ఎన్ని దినాలో నాకు గుర్తు లేదు. నేను చేసుకున్న పుణ్యమేమన్నా ఉంటే ఆ మనిషే.

ఇప్పుడు గని మూతబడింది. బావకు నోట్లో పండ్లు లేవు, రాగి సంగటి నేనే మెత్తగా పిసికి పెడతాను. మొన్న ఉండబట్టలేక అడిగేసినాను. "బావా, నేను యాడో మత్తులో పడి ఉంటానని నీకు అనుమానం రాలేదా? ఎట్ల దిగబోయినావు?"

ఆయన నన్ను ఎర్రోణ్ణి చూసినట్లు చూసినాడు.

"నీ మేకు ఖాళీగా ఉండె గదప్పా" అని, ఇంగో ముద్దకు నోరు తెరిచినాడు.