బేస్ గిటార్ ఎక్కడికి పోయింది

ఆ ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక టేప్ రికార్డర్‌లో నాకిష్టమైన క్యాసెట్ పెట్టుకుని కూర్చున్నాను. ఆ ఆల్బమ్‌లో మొదటి పాట బేస్ గిటార్ ఒక్కదానితోనే మొదలవుతుంది. కాసేపు అదొక్కటే నడిచాక డ్రమ్స్ వస్తాయి, ఆ తర్వాత మిగతా గిటార్లు. ప్లే నొక్కాను. ఏమీ వినపడలేదు. క్యాసెట్ తిరుగుతూనే ఉంది. కొంతసేపటికి, పాట మధ్యలోంచి మొదలైనట్టు, గిటార్ సన్నగా వినిపించింది.

టేపు అరిగిపోయిందనుకుని వెనక్కి తిప్పి, సౌండు పెంచి మళ్లీ పెట్టాను. పక్క గదిలోంచి మావారు వచ్చారు.

"ఏంటి సుజాతా, అంత సౌండు? కిటికీ అద్దాలు అదిరిపోతున్నాయి."

అద్దాలు అదురుతున్నాయంటే బేస్ వస్తున్నట్టే కదా. నాకెందుకు వినపడటం లేదో అప్పుడు అర్థం కాలేదు. క్యాసెట్టే పాడైందని మనసుకు సర్ది చెప్పుకున్నాను.

నేను రాజమండ్రిలో ఒక ప్రైవేటు హైస్కూల్లో లెక్కల టీచర్ని. మావారు శ్రీనివాస్ ధవళేశ్వరంలో ఇరిగేషన్ ఆఫీసులో పనిచేస్తారు. మా కాపురం కూడా అక్కడే. ఇది తొంభైల చివర్లో మొదలైన సంగతి. అప్పటికి మా పెళ్లయి ఏడాది. అత్తయ్యగారు మాతోనే ఉండేవారు.

లెక్కల టీచరుకి హార్డ్ రాక్ ఏంటని చాలామంది అడిగారు. మా మేనమామ కొడుకు బాబ్జీ బావ వైజాగ్‌లో ఇంజనీరింగ్ చదువుతూ, సెలవులకు వచ్చినప్పుడల్లా సంచీ నిండా క్యాసెట్లు తెచ్చేవాడు. ఇంటర్లో మొదటిసారి విన్నప్పుడు గొడవలా అనిపించింది. రెండోసారి ఆ గొడవలో ఒక లెక్క కనబడింది. ఇక వదల్లేదు. మా ఇద్దరికీ పది ఆల్బమ్‌ల వరస ఒకటి ఉండేది. కలిసినప్పుడల్లా దానిమీదే తగాదా. ఒక్క పాటైనా దాటేయాలనిపించిన ఆల్బమ్‌కి మొదటి ఐదింట్లో చోటు లేదన్నది మా నియమం. అసలు పేర్లు రాయను, ఆయా బ్యాండ్ల అభిమానులతో వాదించే ఓపిక ఇప్పుడు లేదు. అట్టమీది బొమ్మను బట్టి మేం పెట్టుకున్న పేర్లే చెబుతాను. నాకు ఒకటో స్థానం ఎప్పుడూ రైలింజన్ ఆల్బమ్‌దే, ఆ ఆదివారం పెట్టుకున్నది అదే. బావకి గుర్రాల ఆల్బమ్. మంచుకొండ అనేది నా వరసలో తొమ్మిదోది. అదెప్పుడు జారిపోతుందా అన్నట్టు ఉండేది.

వైజాగ్‌లో వాళ్ల కాలేజీ ఉత్సవానికి నన్నూ, వాళ్ల చెల్లెల్నీ తీసుకెళ్లాడు. నేను చూసిన మొదటి కచేరీ అదే. డ్రమ్ముల దెబ్బ చెవికంటే ముందు గుండెల మీద తగిలింది. మర్నాడు బస్సులో ఇంటికొస్తూ దారంతా అదే మాట్లాడుకున్నాం.

ఆ ఆదివారం తర్వాత ఒక వింత గమనించాను. స్పీకరు పెట్టెకు నుదురు ఆనించి కూర్చుంటే బేస్ మళ్లీ వినపడేది. తల తీస్తే పోయేది. అలా ఆనుకుని కూర్చునేదాన్ని. అత్తయ్యగారు ఒకసారి చూసి, "తలనొప్పా అమ్మా?" అని అడిగారు. అవునన్నాను.

తర్వాత కడుపుతో ఉన్నప్పుడు పుట్టింటికి వెళ్లాను. పెనుగొండ దగ్గర మా ఊళ్లో నాన్నగారు రైస్ మిల్లు నడిపేవారు. ఇల్లు మిల్లు పక్కనే. ఇంట్లో అమ్మ ఏం చెప్పినా రెండుసార్లు అడగాల్సి వచ్చేది. అన్నం తింటున్నప్పుడైతే ఎవరేమన్నా అందేదే కాదు. కానీ మిల్లు ఆడుతున్నప్పుడు అక్కడికి వెళితే అందరి మాటలూ నాకు స్పష్టంగా వినపడేవి. మిగతావాళ్లు చెవి దగ్గర అరిచి చెప్పుకునేవారు. "నీ చెవులు పాము చెవులే" అని నాన్నగారు మెచ్చుకున్నారు.

పాప పుట్టింది. హారిక అని పేరు పెట్టాం. ధవళేశ్వరం తిరిగొచ్చిన కొన్నాళ్లకి ఒక మధ్యాహ్నం పాపను ఉయ్యాల్లో పడుకోబెట్టి, పక్క గదిలో పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. ఎవరో భుజం పట్టి కుదిపారు. అత్తయ్యగారు. చేతిలో పాప. ఏడ్చి ఏడ్చి మొహం కందిపోయి, ఎక్కిళ్లు పెడుతోంది.

"వీధి చివర ఉన్న నాకు వినపడిందమ్మా. నువ్విక్కడే ఉండి పలకవేంటి?"

"వినపడలేదండి."

ఆవిడ నా మొహంకేసి చూశారు. కోపం తగ్గిపోయి భయం కనబడింది. "ఆ గోలంతా విని విని చెవులు పోగొట్టుకున్నావమ్మా" అన్నారు. నాకూ అదే నిజమనిపించింది. ఆ వారమే క్యాసెట్లన్నీ అట్టపెట్టెలో సర్ది బాబ్జీ బావ ఇంటికి పంపించేశాను. వినడం మానేస్తే నెమ్మదిగా బాగవుతుందని ఆశ. నెలలు గడిచినా బాగవలేదు. క్లాసులో జవాబు చెప్పే పిల్లల దగ్గరికి నడిచి వెళ్లి, పెదవులు చూసి అర్థం చేసుకునేదాన్ని. అర్థం కాకపోతే తల ఊపేసేదాన్ని.

నా భయం మా పెద్దమ్మలా అయిపోతానేమోనని. రెండో కాన్పు తర్వాత ఆవిడకి చెముడు వచ్చింది. పెళ్లిళ్లలో ఓ మూల కుర్చీలో కూర్చుని, ఎవరేం మాట్లాడినా నవ్వుతూ ఉండేది. చావు కబురు చెప్పినా ఒకసారి అలాగే నవ్విందని ఊళ్లో చెప్పుకునేవారు. నేనూ ఆ కుర్చీలోకే వెళుతున్నానని అనిపించేది. మావారితో ఆ మాట చెప్పిన మర్నాడే ఆయన సెలవు పెట్టి నన్ను రాజమండ్రిలో ఈఎన్‌టీ డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్లారు.

ఆయన పెద్ద వయసాయన. ట్యూనింగ్ ఫోర్క్ మోగించి చెవి ముందు పెట్టారు. దాదాపు వినపడలేదు. అదే ఫోర్క్ కాడ చెవి వెనక ఎముకకు ఆనించారు. గంట కొట్టినట్టు వినపడింది. తర్వాత గాజు గదిలో కూర్చోబెట్టి, ఎంత వినపడుతోందో కొలిచే ఆడియోగ్రామ్ తీశారు. కాగితం చూస్తూ అడిగారు.

"మీరు చాలా మెల్లగా మాట్లాడుతున్నారమ్మా. ఎప్పుడూ ఇంతేనా?"

"ఈమధ్యేనండి" అన్నారు మావారు.

"సందడి ఉన్నచోట మీకు బాగా వినపడుతుందా?"

"రైస్ మిల్లులో బాగా వినపడుతుందండి" అన్నాను. ఆయన నవ్వి, తల ఊపారు.

"దీన్ని ఓటోస్క్లెరోసిస్ అంటారు. చెవి లోపల మూడు చిన్న ఎముకలుంటాయి. చివరిది స్టేపిస్. శబ్దం లోపలికి వెళ్లాలంటే అది కదలాలి. మీకు దాని చుట్టూ కొత్త ఎముక పెరిగి, తలుపు బందు పట్టేసినట్టు పట్టేసింది. ముందు మంద్రంగా ఉండే లావు శబ్దాలు పోతాయి, తర్వాత మిగతావి."

"నేను పెద్ద సౌండుతో పాటలు వినేదాన్నండి. దానివల్లేనా?"

"కాదమ్మా. పెద్ద శబ్దాలవల్ల పాడయ్యేది నరం. మీ నరం బాగుంది. ఇది ఎముక జబ్బు, కొన్ని కుటుంబాల్లో వస్తుంది. మీవాళ్లలో ఎవరికైనా ఉందా?"

పెద్దమ్మ సంగతి చెప్పాను. ఆయన కలం కింద పెట్టారు. "కాన్పులప్పుడు కొందరికి ఎక్కువవుతుంది. ఆవిణ్ని కూడా ఒకసారి తీసుకురండి" అన్నారు. తర్వాత తీసుకెళ్లాం. ఆ వయసులో ఆపరేషన్ వద్దని హియరింగ్ ఎయిడ్ ఇచ్చారు. పెద్దమ్మ అది పెట్టుకున్న రోజు ఇంట్లోవాళ్లందరి పేర్లూ పెట్టి పిలిచి, పలికించుకుని విన్నది.

ఇంటికొచ్చి మావారు అత్తయ్యగారికి అంతా వివరంగా చెప్పారు. ఆవిడ విని, "అయితే పాటల తప్పేం లేదన్నమాట. అయినా ఆ గోల నాకు నచ్చదులే" అన్నారు.

హియరింగ్ ఎయిడ్ పెట్టుకోవచ్చు, లేదా స్టేపిడెక్టమీ చేయించుకోవచ్చు. పట్టేసిన ఎముక తీసి దాని బదులు చిన్న పుల్లలాంటి టెఫ్లాన్ పిస్టన్ పెడతారు. చాలామందికి బాగవుతుంది, కొద్దిమందికి ఉన్న వినికిడి కూడా పోతుంది. ఈ రెండు మాటలూ డాక్టరుగారు ఒకే గొంతుతో చెప్పారు. నేను ఆపరేషన్‌కే ఒప్పుకున్నాను. ముందు కుడి చెవికి, హైదరాబాద్‌లో.

లోకల్ అనస్థీషియా ఇచ్చారు కాబట్టి మెలకువగానే ఉన్నాను. మొహం మీద ఆకుపచ్చ బట్ట. సర్జన్ నర్సుతో మాట్లాడే మాటలు గోడ అవతలి నుంచి వస్తున్నట్టున్నాయి. చాలాసేపు అలాగే గడిచింది. ఉన్నట్టుండి ట్రేలో ఏదో స్టీలు వస్తువు పెట్టిన చప్పుడు, నా తలలోనే పెట్టినట్టు, ఖణేలుమంది.

"సుజాతగారూ, మీ పాప పేరేంటి?"

"హారికండి."

"నేను గుసగుసగా అడిగాను, చూశారా" అన్నారాయన.

బట్ట కింద కళ్లు తుడుచుకోడానికి చేతులు కదపకూడదు. అలాగే ఉండిపోయాను.

ఆ సంతోషం మంచం మీదికి చేర్చేదాకానే. తల ఇటు తిప్పితే గదంతా గిర్రున తిరిగేది, వాంతులు. "కళ్లు ఒకచోటే నిలపండమ్మా" అని నర్సు చెబుతూ ఉండేది. చెవిలో కుక్కిన గుడ్డ ప్యాకింగ్ ఉండడంతో వినికిడి మళ్లీ మూసుకుపోయింది. ముక్కు చీదకూడదు, తుమ్మొస్తే నోరు తెరిచి తుమ్మాలి, బరువులెత్తకూడదు. పాపను ఎత్తుకోలేకపోవడమే అన్నిటికంటే కష్టమైంది. నాలుకకు కుడి పక్క ఇనుము రుచి. బాబ్జీ బావ ఆత్రేయపురం నుంచి పూతరేకులు తెస్తే మేకు నాకినట్టుంది. రుచి నరం ఆ దారినే వెళుతుందనీ, నెమ్మదిగా సర్దుకుంటుందనీ చెప్పారు. కొన్ని నెలలకు సర్దుకుంది.

ప్యాకింగ్ తీశాక లోకమంతా ఒకేసారి మీదపడింది. పేపరు మడత పెడితే ఉలిక్కిపడేదాన్ని. కుక్కరు కూతకి చెవి మూసుకునేదాన్ని. పెద్ద శబ్దాన్ని తగ్గించే చిన్న కండరం కూడా ఆపరేషన్లో తెగిపోతుందనీ, కొన్నాళ్లు అలాగే ఉంటుందనీ అన్నారు.

అది కాస్త తగ్గాక బావ నా అట్టపెట్టె తిరిగి తెచ్చాడు. రైలింజన్ పెట్టాడు. బేస్ మొదలైంది. మొదటి స్వరం నుంచీ, గదిలోనే ఎవరో వాయిస్తున్నట్టు. పాట అయ్యేదాకా బావ వాల్యూమ్ ముట్టుకోలేదు.

ఆ వారం పది ఆల్బమ్‌లూ వరసగా విన్నాను. విన్నాక నా వరస మారిపోయింది. రైలింజన్‌లో ఆ మొదటి పాటను తలుచుకుంటూ మిగతా పాటలకి కూడా మార్కులు వేసేశానని తెలిసింది. అది మూడోస్థానానికి దిగింది. మంచుకొండ ఒకటోదయింది. అందులో వాయించడం తక్కువ, ఆగడం ఎక్కువ. స్వరానికీ స్వరానికీ మధ్య తీగ మీద వేలు జరిగే చప్పుడు కూడా వినపడుతుంది. అదెప్పుడూ ఉందట, నాకే తెలీదు.

"మంచుకొండ ఒకటోదేంటి? నీ చెవి బాగైందో పాడైందో తెలియట్లేదు" అన్నాడు బావ.

ఇక్కడితో ఆగిపోతే బాగుండేది. రెండేళ్ల తర్వాత ఎడమ చెవికి కూడా చేయించుకున్నాను. ఆ చెవిలో ఎముక మరీ మందంగా పెరిగింది. ప్యాకింగ్ తీశాక ఏమీ మారలేదు. తర్వాత ఉన్నది కూడా తగ్గింది. ఆడియోగ్రామ్ చూసి సర్జన్ నాతో సూటిగానే చెప్పారు. "మేం అనుకున్నట్టు కుదరలేదమ్మా. నరం కూడా దెబ్బతింది." ఆ చెవిలో రోజంతా ఒక ఈల మోగేది. ఇప్పటికీ మోగుతుంది. చాలాకాలం ఏ పాటా పెట్టలేదు. ఏ పాట పెట్టినా దానికి అడ్డంగా ఈ ఈల. మావారు ఓదార్పు మాటలేమీ చెప్పలేదు. ఎక్కడికెళ్లినా నాకు కుడిపక్కకు మారి నడవడం అలవాటు చేసుకున్నారు, అంతే.

రైలింజన్ ఆల్బమ్ బ్యాండు బెంగళూరు వస్తోందని పేపర్లో చూసిందీ ఆయనే. డాక్టరుగారిని అడిగాం. "వెళ్లండి. స్పీకర్లకు దూరంగా నిలబడండి, ఇయర్ ప్లగ్ తీయకండి. మంచి చెవి ఒకటే ఉందని గుర్తుంచుకోండి" అన్నారు. అత్తయ్యగారు పాపను తన దగ్గర ఉంచుకుని, మాకు దూది ఉండలు చేసి పొట్లం కట్టిచ్చారు. "ఇద్దరూ పెట్టుకోండి" అన్నారు.

మైదానమంతా బురద. నల్లచొక్కాల కుర్రాళ్ల మధ్య మావారు ఆఫీసు చొక్కా టక్ చేసుకుని నిలబడ్డారు. బావ ముందుకెళ్లిపోయాడు. మేం బాగా వెనక ఉన్నాం. బేస్ ముందు నేలలోంచి కాళ్లకి తెలిసింది, తర్వాత ప్లగ్ దాటుకుని చెవికి. ఒక చెవితో వింటే ఏ శబ్దం ఎటునుంచి వస్తోందో తెలీదు. అందరూ నాకు కుడిపక్కనే పాడుతున్నారనుకున్నాను. మావారు నా భుజం తట్టి, నాకు కనబడేలా నోరు పెద్దగా కదుపుతూ అన్నారు.

"వెనక్కి చూడు."

తిరిగాను. మా తర్వాత ఎవరూ ఉండరనుకున్నాను. ఎంత దూరం చూసినా జనమే. అందరి నోళ్లూ ఒకే మాట దగ్గర తెరుచుకుంటున్నాయి. ఆయనకి ఆ పాట రాదు. అయినా పెదవులు కదుపుతున్నారు.

ఇప్పుడు హారిక హైస్కూలుకి వచ్చింది. కుడి చెవి పిస్టన్ బాగా పనిచేస్తోంది. ఏడాదికోసారి ఆడియోగ్రామ్ తీయించుకుంటాను. క్లాసులో మొదటి రోజే పిల్లలకి నా ఎడమ చెవి సంగతి చెప్పేస్తాను. వాళ్లు కుడివైపు నుంచి వచ్చి మాట్లాడతారు. వారంలో కొన్ని సాయంత్రాలు ఒక ఆల్బమ్ మొత్తం వింటాను, మామూలు సౌండులో. మావారికి ఇప్పటికీ ఆ బ్యాండు పాటగాడు "ఆ అరిచేవాడు"గానే తెలుసు.

చదివేవాళ్లకి ఒక్కటే చెబుతాను. ఈరోజు ఫోన్ వచ్చినప్పుడు కాసేపు ఒక చెవికి, కాసేపు రెండో చెవికి పెట్టుకుని వినండి. రెండిట్లో ఏదైనా తేడా ఉంటే నూనె చుక్కలు వేసుకుని, వినికిడి దానంతటదే తిరిగొస్తుందని ఎదురుచూడకండి. వెళ్లి ఆడియోగ్రామ్ తీయించుకోండి. నొప్పి ఉండదు, గాజు గదిలో కూర్చుని శబ్దం వినపడినప్పుడు బటన్ నొక్కడమే. వినపడనప్పుడు మాత్రం నొక్కకండి.