కొండ మీదికి ఓ స్టీలు చెంచా

ఆ లిఫ్టు మెకానిక్కును ఇంట్లోనూ వీధిలోనూ అందరూ పిలిచేది ఓవర్‌లోడు అనే. అది అతను చేతులారా తెచ్చుకున్న పేరు. ఎవరైనా బజారు నుంచి నిండు సంచీతో వస్తే అడక్కుండానే అందుకుని, చేత్తో ఎత్తి చూసి బరువు చెప్పేవాడు. చుట్టాలింట్లో సోఫా మీద ముగ్గురు కూర్చుని ఉంటే నాలుగో మనిషిని కుర్చీ చూసుకోమనేవాడు. రోజంతా లిఫ్టు గోతుల్లో గ్రీజు పూసుకుంటూ, ఇంతమందికి మించి ఎక్కరాదని బోర్డులు బిగించే మనిషికి ఆ మాత్రం జబ్బు అంటుకోకుండా ఎలా ఉంటుంది?

అతనికి రెండో జబ్బు రేడియో. పాటలు వినే రేడియో కాదు. పరీక్ష రాసి, లైసెన్సు తెచ్చుకుని, ఇంట్లో సొంత సెట్టు పెట్టుకుని, తనలాంటి పిచ్చివాళ్ళతో కబుర్లాడే రేడియో. ఆ కబుర్లయినా నోటితో చెప్పుకోరు. మోర్సు కీ అని ఒక ఇత్తడి మీట ఉంటుంది. టక్కున నొక్కి వదిలితే చుక్క, కాస్త నొక్కి పడితే గీత. ఆ చుక్కలూ గీతలే అక్షరాలు. పెళ్ళయిన దగ్గర్నుంచీ వంటింటి గోడ అవతల ఆ కూత వింటూనే ఉన్నా భార్యకు ఒక్క ముక్క బోధపడలేదు. నేర్పుతానన్నాడు ఒకసారి. "మీతో నోటితో మాట్లాడ్డానికే నాకు ఓపిక చాలట్లేదు" అని ఆవిడ పప్పు కడగడానికి వెళ్ళిపోయింది.

అతనికి ఈ విద్య నేర్పింది ఓడ మాస్టారు. వయసులో ఉన్నప్పుడు ఓడల మీద వైర్‌లెస్ ఆపరేటరుగా పనిచేసిన పెద్దమనిషి. పక్క వీధిలో ఉన్నన్నాళ్ళూ శిష్యుడికి అక్షింతలు వేయని రోజు లేదు. "చెయ్యి తొందర నాయనా, నీ చెయ్యి మహా తొందర. ఎవరో తరుముతున్నట్టు కొడతావేంటి?" అనేవాడు. ఆయనకు కాళ్ళు సహకరించక, కొండకు అవతల వైపు ఊళ్ళో ఉన్న కూతురింటికి వెళ్ళిపోయాడు. అక్కడ అపార్టుమెంటు వాళ్ళు మేడ మీద ఏరియల్ తీగ కట్టనివ్వలేదు. బాల్కనీలో బట్టలారేసుకునే తీగకే సెట్టు తగిలించుకున్నాడు. ఇవతల శిష్యుడు, అవతల గురువు, మధ్యలో అంత కొండ. ఒకరి కూత ఒకరికి అందలేదు.

అందుకే కొండెక్కాలన్న ఆలోచన పుట్టింది. చిన్న సెట్టూ, బ్యాటరీ, చేపల గాలం కర్రకు చుట్టిన తీగా మోటారుసైకిలు మీద వేసుకుని శిఖరం మీదికి పోతే రెండు వైపులా కనిపిస్తాయి. అక్కణ్ణుంచి కొడితే బట్టల తీగక్కూడా అందుతుంది. ఆలోచన పాతదే. ఏడాదికోసారి గోడకు మ్యాపు ఎక్కేది, బండికి కొత్త బ్రేకులు పడేవి, సరిగ్గా బయలుదేరే రోజు ఎవరో ఒక పుణ్యాత్ముడు లిఫ్టులో ఇరుక్కునేవాడు. మ్యాపు మళ్ళీ బీరువా మీదికి చేరేది.

ఈసారి మాస్టారే ఫోను చేశాడు.

"సెట్టు ఇచ్చేస్తున్నానురా. ఇక్కడ రేడియోలు బాగుచేసే అతను ఆదివారం సాయంత్రం వచ్చి పట్టుకెళ్తానన్నాడు."

"అదేంటి మాస్టారూ?"

"ఎన్నాళ్ళుగానో వట్టి హోరు తప్ప ఏమీ వినపడట్లేదు. తీగ మంచిది కాదో, నా చెవులే పోయాయో. చెవులే అయ్యుంటాయిలే. అది ఎదురుగా కూర్చుంటే నాకు బెంగగా ఉంటోంది."

"ఆదివారం పొద్దున పదింటికి ఒక్కసారి వినండి. కొండ మీంచి పిలుస్తాను. అప్పటికీ వినపడకపోతే మీ ఇష్టం" అన్నాడు ఓవర్‌లోడు.

భార్యకు ఈ గొడవ అర్థం కాలేదు. "ఇప్పుడు ఫోన్లో మాట్లాడారు కదండీ. దానికోసం కొండెక్కాలా?" అంది.

"ఫోన్లో అయితే ఆయనొక పెద్దాయన. మందులేసుకున్నారా, భోజనం చేశారా అని అడుగుతాం. సెట్టు మీద ఆయన మాస్టారు" అన్నాడు.

ఇక మొదలైంది తతంగం. వంటింటి తక్కెడ హాల్లోకి వచ్చేసింది. బండికి రెండు పక్కలా పెట్టెలు కట్టి, రెంటిలోనూ బరువు సమానంగా ఉండాలని ప్రతి వస్తువునూ తూచి పెట్టాడు. టూత్‌బ్రష్ పిడి రంపంతో కోశాడు. దువ్వెన సగానికి విరిచాడు. మ్యాపు చుట్టూ ఉన్న తెల్ల కాగితం కత్తిరించి పారేశాడు. మాట పంపే సెట్టు బరువెక్కువని, మోర్సు మాత్రమే పంపే బుల్లి సెట్టు ఎంచుకున్నాడు.

"గోళ్ళు కూడా తీసుకోండి, ఇంకాస్త తగ్గుతుంది" అంది భార్య. తర్వాత బండి చుట్టూ ఓసారి తిరిగి, "అన్నీ బానే ఉన్నాయి. నేనెక్కడ కూర్చోవాలి?" అంది.

వెనక సీటు మీద తీగల సంచీ కట్టేసి ఉంది.

"నువ్వూ వస్తావా?"

"ఏం, నేనెక్కితే గంట మోగుతుందా?"

ఆ ప్రశ్నకు తప్పు జవాబు చెప్పి బతికి బట్టకట్టిన మగవాడు లేడని ఓవర్‌లోడుకు తెలుసు. కిక్కురుమనకుండా కట్లన్నీ విప్పాడు. శనివారం సాయంత్రమంతా మళ్ళీ తూచాడు. ఆవిడ సర్దిన భోజనం డబ్బాలో స్టీలు చెంచా చూసి ప్లాస్టిక్‌ది చాలన్నాడు. ఆవిడ సరేనని, అతను అటు తిరగ్గానే స్టీలుదే మళ్ళీ పెట్టేసింది.

ఆదివారం దారి పొడుగునా బండి బుద్ధిగా నడిచింది. మలుపుల్లో భార్య అతని భుజం పట్టుకుని, చెవిలో పాటలు పెట్టుకుని, హాయిగా కొండలు చూసింది. రోడ్డు ఆగిన చోట బండి ఆపి, మిగతా దారి నడిచారు. శిఖరం మీద గాలి ధాటిగా ఉంది. ఫోన్లో సిగ్నల్ లేదు. ఈ పూట ఎవరు ఏ లిఫ్టులో ఇరుక్కున్నా తనను పిలవలేరని తలుచుకుంటే అతని ప్రాణం హాయిగా ఉంది. గాలం కర్ర నిలబెట్టాడు, తీగ లాగాడు, సెట్టు విప్పాడు. కీ కోసం పెట్టెలో చెయ్యి పెట్టాడు.

లేదు. రెండో పెట్టెలోనూ లేదు. జేబుల్లో లేదు.

అతనికి హాల్లో తక్కెడ కళ్ళ ముందు మెదిలింది. దాని మీద చిట్టచివరగా తూచిన ఇత్తడి కీ. తూచాడు, బరువు చూసుకున్నాడు, తృప్తి పడ్డాడు, దీపం ఆర్పి పడుకున్నాడు.

అతను బండ మీద కూలబడ్డాడు. ఏడుపొక్కటే తక్కువ. అవతల ఆయన చెవి ఒగ్గి కూర్చుని ఉంటాడు. హోరు తప్ప ఏమీ వినపడదు. చెవులు పోయాయనే అనుకుంటాడు, సాయంత్రానికి సెట్టు ఇచ్చేస్తాడు.

"ఆ మీట ఏం చేస్తుంది?" అంది భార్య పక్కన కూర్చుంటూ.

"ఏముంది, రెండు తీగల్ని తాకిస్తుంది, విడదీస్తుంది."

"అంతేనా? దానికోసమా ఇంత మొహం వేలాడేశారు?"

అతను తలెత్తాడు. చూపు ఆవిడ చెవుల దగ్గర ఆగింది. ఆవిడకు అర్థమైంది. ఇయర్‌ఫోన్లు తీసి ఒక్క క్షణం చేతిలో పట్టుకుని, "పుట్టినరోజుకి మీరు కొన్నవే" అంటూ ఇచ్చింది. వాటి పిన్ను సెట్టుకు కీ తగిలించే రంధ్రంలో సరిగ్గా దిగింది. మిగతా తీగను కత్తితో కోసి, కొసలు గీకి, ఒక కొసను భోజనం డబ్బా స్టీలు మూతకు చుట్టాడు. రెండో కొసకు తగిలించడానికి ఏం దొరుకుతుందా అని వెతుకుతుంటే ఆవిడ స్టీలు చెంచా అందించింది. ఎక్కణ్ణుంచి వచ్చిందని అతను అడగలేదు.

మూత మీద చెంచాతో కొట్టడం మొదలుపెట్టాడు. తొందరపడితే చెంచా జారి అక్షరం చెడుతోంది. ఒక్కో చుక్కా, ఒక్కో గీతా చూసుకుంటూ నెమ్మదిగా మాస్టారిని పిలిచాడు. ఆగాడు. హోరు. మళ్ళీ పిలిచాడు. మళ్ళీ హోరు.

మూడోసారి, సెట్టు స్పీకర్లోంచి వచ్చే హోరు అడుగు నుంచి సన్నగా, కుదురుగా, ముత్యాల్లాంటి అక్షరాలు వచ్చాయి. ఎవరో కొత్తగా నేర్చుకుంటున్నట్టున్నారు, మీరెవరో మళ్ళీ చెప్పండి, అన్నాయి ఆ అక్షరాలు.

అతను తానెవరో కొట్టాడు. ఇక మాస్టారు వరసగా కొట్టుకుంటూ పోయాడు. అతను ఒక్కో మాటా భార్యకు పైకి చెబుతున్నాడు. "నువ్వేనా... ఇన్నేళ్ళు మొత్తుకున్నాను నెమ్మదిగా కొట్టమని... ఇవాళ కొట్టావు." ఆ తర్వాతి మాట దగ్గర చెప్పడం ఆపేశాడు.

"ఏమంటున్నారు?"

"అయితే నా చెవులు బానే ఉన్నాయన్నమాట, అంటున్నారు."

అతను కళ్ళు తుడుచుకున్నాడు. అంత సంతోషం అతనికి ఈ మధ్య ఎన్నడూ కలగలేదు. సెట్టు పట్టుకెళ్ళే మనిషిని ఏం చేస్తారని అడిగాడు. టీ ఇచ్చి పంపేస్తానని చెప్పి, ఇంతకీ ఏ కీ తెచ్చావని మాస్టారు అడిగాడు. డబ్బా మూత, మా ఆవిడ చెంచా అని ఓవర్‌లోడు దాచకుండా చెప్పాడు.

అవతల నుంచి నాలుగు చుక్కలూ రెండు చుక్కలూ వచ్చాయి. మళ్ళీ నాలుగు, మళ్ళీ రెండు. అతను చెప్పడానికి నోరు తెరిచేలోగానే భార్య అతని మోచేతి మీద చెయ్యి వేసింది. గోడ అవతల నుంచి అన్నేళ్ళు విన్నదాంట్లో ఆవిడకు పట్టుబడింది ఆ ఒక్కటే. అది వచ్చినప్పుడల్లా వెంటనే మొగుడి నవ్వూ వినపడేది.

"నవ్వుతున్నారు కదూ" అంది.